మొదటి పేజీలో మనవరాలు

మార్చి 3

లిఫ్టులో ఉన్న మనవరాలికి,

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప మిగతా అందరం కులాసా. నువ్వు బయటికి వచ్చావో లేదో తెలియక ఈ ఉత్తరం. వచ్చి ఉంటే ఇంటికి అందుతుంది. రాకపోయి ఉంటే మాత్రం, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఉత్తరాలు పంచే ఏర్పాటు పోస్టాఫీసు వాళ్ళు ఇంకా చెయ్యలేదు.

పక్కింటి నర్సు నిన్న తన ఫోను తెచ్చి నా ముక్కుకి ఆనించి, "ఇది మీ పిల్లే కదూ?" అంది. ఆవిడ రిటైరై పదేళ్ళయింది గానీ ఎదుటివాళ్ళని చెప్పాపెట్టకుండా పొడిచే అలవాటు పోలేదు. చూశాను. నలభై సెకన్లు. పసుపు హెల్మెట్ పెట్టుకుని, లిఫ్టు తలుపు అరచేత్తో బాదుతూ, "దీన్ని పాస్ చేసింది నేనే! నేనే!" అని అరుస్తున్నావు. పైన ఎవరో మహానుభావుడు "తాను పాస్ చేసిన లిఫ్టులో తానే ఫెయిల్" అని పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళు లైబ్రరీలో పనిచేసి వేల పుస్తకాల పేర్లు చూసినదాన్ని, ఒప్పుకోక తప్పదు. పేరు బాగా కుదిరింది.

ఫోన్ చేద్దామంటే నా చెవి మిషను రిసీవరు తగలగానే ఈల వేస్తుంది. ఈ వయసులో మనవరాలికి ఈల వేయడం బాగుండదు. కనుక ఉత్తరం రాయి. ఇదెప్పుడు జరిగింది, నాకెందుకు చెప్పలేదు, దెబ్బలేమైనా తగిలాయా? ఈ వరసలోనే జవాబు చెప్పక్కర్లేదు. మూడోది ముందు చెప్పు.

ఇట్లు,
పక్కింటివాళ్ళ ద్వారా నీ క్షేమం తెలుసుకునే
అమ్మమ్మ


మార్చి 8

అమ్మమ్మా,

దెబ్బలు లేవు. డిసెంబరులో జరిగింది. సిగ్గేసి చెప్పలేదు. మూడింటికీ జవాబులయ్యాయి, ఇప్పుడు తిట్టకుండా మిగతాది చదువు.

ఎనిమిది అంతస్తుల భవనం. కింద బట్టల కొట్టు, పైన ఆఫీసులు. నవంబరులో దాని లిఫ్టుకి సర్టిఫికెట్టు ఇచ్చాను. నెల తిరక్కుండా వేరే పని మీద అక్కడికే వెళ్ళి అదే లిఫ్టు ఎక్కాను. కరెంటు పోయింది. యాభై నిమిషాలు. సెక్యూరిటీ ఆయన తలుపు సందులోంచి మమ్మల్ని తీస్తాడు కదా అని చూస్తుంటే, ఫోను పెట్టి వీడియో తీశాడు.

కంపెనీవాళ్ళు "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఆ కొన్నాళ్ళకి చివరి తేదీ చెప్పలేదు. అందుకే సొంతంగా లైసెన్సు తీసుకున్నాను. ఒక పెద్ద ఆసుపత్రిలో ఏడు లిఫ్టులకి ఇన్‌స్పెక్టరు కావాలట. ఏప్రిల్ ఇరవైన వాళ్ళ కమిటీ నన్ను రమ్మంది. ఆ పని వస్తే నిలబడతాను. రాకపోతే ఈ వృత్తిలో నా కథ ముగిసినట్టే అమ్మమ్మా, ఎందుకంటే ఎవరైనా ముందు నెట్‌లో నా పేరు కొడతారు. కొట్టగానే మొట్టమొదట వచ్చేది ఆ హెల్మెట్టే.

ఇలాంటివి చక్కబెట్టే ఆయన ఒకరు దొరికారు. మనిషి బట్టతల, మాట మెత్తన. ఆ వీడియోని తీసెయ్యలేమట, కిందికి తొయ్యాలట. మంచి పేజీలు పది తయారుచేసి పైన పేర్చితే చెడ్డది రెండో పేజీకి జారిపోతుంది. రెండో పేజీకి ఎవరూ వెళ్ళరట. అది ఎంత కిందికి దిగిందో రోజూ చూసుకుంటూ ఉండాలన్నాడు.

నువ్వేమీ చెయ్యక్కర్లేదు. నిజంగానే అంటున్నా. ఏమీ చెయ్యొద్దు.

నీ మనవరాలు


మార్చి 13

బయటపడ్డ మనవరాలికి,

ఏమీ చెయ్యొద్దంటే చెయ్యకుండా కూర్చునే మనిషిని చూసి రాయాల్సిన మాట నాకు రాశావు. సరే, పెద్దగా ఏమీ చెయ్యలేదు. రోజూ చూసుకోవాలన్నాడు కదా మీ పరువు మేస్త్రి, ఆ ఒక్క పని నీ నెత్తి మీంచి దించుకున్నాను.

పొద్దున పదింటికి లైబ్రరీ తలుపులు తీస్తారు. లోపల ఆరు కంప్యూటర్లున్నాయి. నేనూ, నర్సూ, పేపర్ల కోసం వచ్చే నలుగురు పెద్దమనుషులూ తలొకదాని ముందు కూర్చుంటాం. ఒకే కంప్యూటరు మాట నమ్మకూడదు, సాక్ష్యం ఒకటికి ఆరుండాలి. నీ పేరు కొట్టి, మొదటిది తెరిచి, చివరిదాకా చూస్తాం. అట్ట చూసి పుస్తకాన్ని నిర్ధారించడం నాకు అలవాటు లేదు. అది అదేనని తేలాక నోటుబుక్కులో రాస్తాను. సోమవారం: మొదటి స్థానం. మంగళవారం: మొదటి స్థానం. బుధవారం ఇంకాస్త స్థిరంగా మొదటి స్థానం. దాని పట్టుదల చూస్తే ముచ్చటేస్తోంది.

రెండోది ఒక పందెపు గుర్రం. నీ పేరే దానికీ. గోధుమరంగు, నాలుగేళ్ళు, కిందటి పందెంలో మూడో స్థానం. దాని గురించి ఎవ్వరూ చెడ్డగా రాయలేదు.

నీ వీడియో కింద మాత్రం ఊరూ పేరూ లేనివాళ్ళు నోటికొచ్చింది రాస్తున్నారు. చూస్తూ ఊరుకోలేక "పుస్తకాల పెద్దమ్మ" అన్న పేరుతో నేనూ చేరాను. "ముందు దీనికి చదువు చెప్పించండి" అని ఒకడు రాశాడు. "నాయనా, ఆ పిల్లకి ఎక్కాలు నేర్పింది నేనే. నీకు నేర్పిందెవరో చెబితే వారికి సానుభూతి తెలుపుకుంటాను" అని రాశాను. దీన్ని రెండొందల మంది మెచ్చుకున్నారట. "పాత పానా" అని ఇంకొకాయన ఉన్నాడు. కరెంటు పోతే లిఫ్టుని దగ్గరి అంతస్తుకి చేర్చే బ్యాటరీ ఒకటుంటుందట, "ఇన్‌స్పెక్టరు దాన్ని చూసిందా?" అని అడిగాడు. వదుల్తానా? "పానాగారూ, మమ్మల్ని బిగించాలని చూడకండి. ఆ పిల్ల ఆరో ఏట మా గోడగడియారం విప్పి మళ్ళీ బిగించింది. ఒక్కటంటే ఒక్క చక్రం మిగిలింది, గడియారం నడిచింది" అని రాశాను. ఇక నోరెత్తడు.

నిశ్చింతగా ఉండు. ఇక్కడ ఆరుగురం కాపలా ఉన్నాం.

అమ్మమ్మ


మార్చి 17

అమ్మమ్మా,

కొంప మునిగింది. డిసెంబరు నుంచి మొన్నటిదాకా ఆ వీడియోని నాలుగొందల మంది చూశారు. వారం తిరిగేసరికి పదకొండు వేలయింది! అది కదలడం లేదు సరికదా, దాని కింద జనం జాతరలా చేరారు.

ఆ చక్కబెట్టే ఆయన లోతుగా చూసి చెప్పారు. ఎవరో పగబట్టి చేస్తున్నారట. రోజూ పొద్దున పదింటికి, ఒకే చోటు నుంచి, ఒకేసారి ఆరు మిషన్ల మీద, నా పేరే కొట్టి అదే వీడియో తెరుస్తున్నారు. అలా తెరిచిన కొద్దీ అది పైకి లేస్తుందట. "ఇది క్రమశిక్షణ ఉన్న ముఠా, మేడమ్. సెలవు రోజున మాత్రం రారు" అన్నారు. పాత కంపెనీలో నా సీటు మీద కన్నేసినవాడే అయ్యుంటాడని నాకు అనుమానం. వాడికి తోడు పుస్తకాల పెద్దమ్మట, ఎవరో పనీపాటా లేని మనిషి, వచ్చినవాళ్ళందరితో తగువు పెట్టుకుంటోంది. ఆ తగువు చూడటానికే సగం మంది వస్తున్నారు. ఆవిడకి లాయరు నోటీసు పంపుదామంటున్నారు.

నీకు ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో తెలీదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలిగా.

కవరు అంటించబోతుంటే నీ ఉత్తరం వచ్చింది. చదివాను.

అమ్మమ్మా.

ఆ ముఠా నువ్వా?


మార్చి 22

లాయరు నోటీసు పంపబోయే మనవరాలికి,

అవును, ఆ పనీపాటా లేని మనిషిని నేనే. నోటీసు ఇంటికే పంపించు, లైబ్రరీకి పంపితే రసీదు రాసి ర్యాకులో పెట్టేస్తారు.

తెరిచిన కొద్దీ పైకి లేస్తుందని ముందే ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? మా రోజుల్లో పదిమందీ తిరగేసిన పుస్తకం అట్ట ఊడి, కుట్లు తెగి, బైండింగుకి పోయి ఆరు నెలలు కనపడేది కాదు. ఆ లెక్కన ఎంత చూస్తే అంత త్వరగా అరుగుతుందనుకున్నాను. మీ లోకంలో తిట్టే కొద్దీ బలిసేవి కూడా ఉంటాయని నాకేం తెలుసు? కాపలా ఎత్తేశాను. నర్సు ఒక పట్టాన మానలేదు. "ఇంకొక్కసారి చూసి మానేస్తా, పిల్ల హెల్మెట్‌లో ముద్దొస్తోంది" అంది. ఫోను లాక్కోవాల్సి వచ్చింది.

నీకు మేలు చేద్దామని ఆవిడ ఎక్కడో ఒక ప్రశంస కూడా రాసింది, చెప్పడం నా ధర్మం. "ఈ అమ్మాయిని పసితనం నుంచి ఎరుగుదును. ధైర్యవంతురాలు. టీకా వేయబోతే నా చెయ్యి కొరికింది." చెరపమంటే చెరపడం రాదంటోంది.

ఇంకో సంగతి. పానాకి నోరు మూయించానన్నానే, అతను జవాబు రాశాడు. ఒకటే వాక్యం. "అమ్మా, నేనడిగేది కూడా ఆ మిగిలిన చక్రం గురించే."

దాన్నీ తిప్పికొడదామని నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చెరిపేశాను. రెండు రోజులు అన్నం సరిగా సయించలేదు. కంపెనీవాళ్ళు అడగలేదు. మీ మేస్త్రి అడగడు, అది అతని పని కాదు. కనుక నేనే అడుగుతున్నాను. ఆ బ్యాటరీ చూశావా?

అమ్మమ్మ


మార్చి 29

అమ్మమ్మకి,

లోకమంతా అడగనీ, నువ్వు కూడానా? ఎవడో పానాగాడు ఒక మాట అంటే దాన్ని పట్టుకుని నన్ను బోనెక్కిస్తావా? చిన్నప్పుడు గడియారంలో చక్రం మిగిలితే నా వైపు మాట్లాడిన మనిషివి. ఇరవై రెండు అంశాల చెక్‌లిస్టు నాది. ఇరవై రెండింటికీ టిక్కులున్నాయి. కావాలంటే నకలు పంపిస్తా.

ఇక్కడ ఊపిరాడటం లేదు. మేస్త్రిగారు (నువ్వన్న పేరే నాకూ అలవాటైపోయింది) పేజీలు కుప్పలు తెప్పలుగా పెడుతున్నారు. నన్ను చేతులు కట్టుకుని నిలబెట్టి, ఆకాశం వైపు చూడమని ఫొటో తీశారు. కింద రాసింది చూడు: "నిలువు రవాణా రంగంలో విలువలకు ప్రతిరూపం, రేపటి భద్రతకు నేటి దార్శనికురాలు." నాకు పన్నెండు అవార్డులు రాశారు. అవెక్కడివండీ అంటే "వచ్చే అర్హత ఉంది కదా, కాస్త ముందుగా రాశాం" అన్నారు. ఒక పేజీలో నేను పన్నెండు వందల మీటర్ల విభాగంలో మూడో స్థానం సాధించానని ఉంది. అది ఆ గుర్రానిది! మార్చమంటే, "పోనీండి మేడమ్, చురుకుదనం కనిపిస్తుంది" అంటారు.

అయినా ఫలితం ఉంది. వీడియో నాలుగో స్థానానికి దిగింది. ఇంకో మూడు వారాలు. దయచేసి నన్ను ప్రశ్నలడగొద్దు.

మనవరాలు


ఏప్రిల్ 3

దార్శనికురాలికి,

నాలుగు పేజీల ఉత్తరం రాశావు. నేనడిగింది మూడు మాటలు. వాటికి జవాబు ఎక్కడుందా అని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం కనిపించింది గానీ జవాబు కనిపించలేదు. టిక్కులు నేనడగలేదు.

మీ మేస్త్రి రాసిన పేజీ నర్సు చదివి వినిపించింది. నిలువు రవాణా అంటే ఏమిటో అర్థం కాక, పిల్ల గుర్రం దిగి నిచ్చెనలు అమ్ముతోందేమో అనుకుంది పాపం. ఒక్క మాట చెప్పనా? ఆ హెల్మెట్ పిల్లని చూస్తే కోపమొచ్చినా మనిషని తెలుస్తోంది. ఈ చేతులు కట్టుకున్నావిడ చేతికి నా ఇంటి తాళం కూడా ఇవ్వను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన ఐదో ఏడు, ఒక రిటైరైన మాస్టారు పదేళ్ళు తిరిగి రాసిన ఊరి చరిత్ర తెచ్చి ఇచ్చాడు. చేతిరాత ప్రతి. ఆ వేసవిలో గది ఖాళీ చేయించి, పాత కాగితాలతో కలిపి దాన్నీ బండికెత్తించాను. చూసుకోలేదు. మూట విప్పి చూడటానికి పావుగంట పట్టేది, ఎండగా ఉందని ఊరుకున్నాను.

కార్డుల సొరుగులో ఆ పుస్తకం కార్డు ఉంది. తీసి చింపేస్తే ఎవరికీ తెలిసేది కాదు, మాస్టారు అప్పటికే పోయాడు. మా లైబ్రరీలో ఒక పద్ధతి ఉండేది. తప్పు కార్డుని చింపకూడదు. దాని వెనకాలే ఇంకో కార్డు పెట్టి, తప్పేమిటో, ఎవరు చేశారో రాసి, తేదీ వెయ్యాలి. పెట్టాను. "ఈ పుస్తకం లేదు. పాత కాగితాల్లో పోయింది. చూసుకోనిది నేను." కింద సంతకం. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ సొరుగులో ఉందది. చదివినవాళ్ళలో ముగ్గురు మొహం మీదే తిట్టారు. ఒకాయన మాత్రం ఏడో ఏట వచ్చి, తను రాసి పెట్టుకున్న నకలు నా బల్ల మీద పెట్టి, "మీ కార్డు చదివానండీ" అని వెళ్ళిపోయాడు.

తిట్టడానికి కాదు రాస్తున్నది. అన్నం తిను.

అమ్మమ్మ


ఏప్రిల్ 9

అమ్మమ్మా,

చూడలేదు.

ఆ రోజు అది నాకు ఏడో లిఫ్టు. సాయంత్రం నాలుగున్నర దాటింది. బ్యాటరీ పెట్టె పైన మిషన్ రూములో ఉంటుంది. బట్టల కొట్టువాళ్ళు చీరలు కట్టే ప్లాస్టిక్ బొమ్మలన్నీ ఆ గదిలో పడేశారు. చేతుల్లేనివి, తలల్లేనివి, నలభై దాకా ఉంటాయి. వాటి వెనక పెట్టె మీద పచ్చ దీపం వెలగడం కనిపించింది. టిక్కు పెట్టేశాను. పచ్చ దీపం వెలిగిందంటే కరెంటు వస్తోందని, అంతే. బ్యాటరీలో ప్రాణం ఉందో లేదో తెలియాలంటే మెయిన్ స్విచ్ ఆపి, లిఫ్టు కదుల్తుందో లేదో చూడాలి. నాలుగు నిమిషాల పని. బొమ్మల్ని జరపాల్సి వస్తుందని ఊరుకున్నాను.

వీడియోలో కనిపించనిది ఇంకొకటి ఉంది. లోపల నేనొక్కదాన్నే లేను. నీ వయసావిడ ఒకరు నా వెనక నేల మీద కూర్చుని ఉన్నారు. ఊపిరందడం లేదని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "దీన్ని బాగుందని చెప్పిన వెధవ ఎవడమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. మూడోసారి అడిగాక, తలుపు బాదుతూనే అరిచి చెప్పాను. నేనేనండీ. పాస్ చేసింది నేనే. ఆ మాటే వీడియోలో ఉంది. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నారు అందరూ. ఆవిడ మాత్రం నా చెయ్యి వదిలేశారు.

మేస్త్రిగారిని మానుకోమన్నాను. పేజీలన్నీ తీయించాను. తీయించగానే వీడియో మళ్ళీ ఎక్కి మొదటి స్థానంలో కూర్చుంది. నేనే ఒక పేజీ రాసుకున్నాను, దీంతో పంపుతున్నాను. ఏం చూడలేదో, ఎందుకు చూడలేదో, ఇప్పుడు ఏం చేస్తున్నానో. ఇప్పుడైతే ప్రతి లిఫ్టులోనూ నేను లోపల నిలబడి, బయట మెయిన్ ఆపిస్తున్నాను.

ఇది పెడితే ఆసుపత్రి పని పోతుందేమో. పదకొండు రోజులే ఉంది. పెట్టనా?


ఏప్రిల్ 13

తల్లీ,

పెట్టు.

మూడో పేరాలో "కొన్ని అనివార్య పరిస్థితుల వల్ల" అని ఉంది, కొట్టెయ్యి. ఆ పరిస్థితులు ప్లాస్టిక్ బొమ్మలు. బొమ్మలనే రాయి. చివర "చింతిస్తున్నాను" అన్నది ఒక్కసారి చాలు, మూడుసార్లు చింతిస్తే ఆసుపత్రిలో చేర్చుకుంటారు గానీ పని ఇవ్వరు.

పానా అన్నాయనకి జవాబు రాశాను. "మీ ప్రశ్న సరైనదే. ఆ చక్రం నేను ఇన్నేళ్ళూ సొరుగులో దాచాను" అని. ఇంత మర్యాదగా నేను రాయగలనని నర్సు నమ్మలేదు, జ్వరమేమోనని చెయ్యి పట్టుకుని చూసింది.

ఇరవయ్యో తారీఖు ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకెళ్ళు. ఏమన్నా అంటే అననీ. తలుపులు మాత్రం బాదకు.

అమ్మమ్మ


మే 6

అమ్మమ్మా,

ఆలస్యానికి కోప్పడకు. అన్నీ తేలాక రాద్దామని ఆగాను.

కమిటీలో ఐదుగురు. బల్ల మీద నా పేజీ అచ్చు తీసి పెట్టి ఉంది. దాని పక్కన వీడియో బొమ్మ. దాని పక్కన దొంతర, ఏమిటా అని తొంగి చూస్తే అమ్మమ్మా, అవి నీ తగువులు! పదకొండు పేజీలు, పిన్ను కొట్టి మరీ. బల్ల చివర కూర్చున్నది ఆసుపత్రి పెద్ద ఇంజనీరు. తెల్ల మీసాలు. నా పేజీ చదివాక ఒకటే అడిగారు. "నాలుగు నిమిషాలా?" అవునండీ అన్నాను. "మా లిఫ్టుల్లో స్ట్రెచర్లు ఎక్కుతాయి" అన్నారు. తెలుసండీ అన్నాను.

తరవాత ఆ దొంతర నా వైపు తోసి, "ఈ పుస్తకాల పెద్దమ్మ మీకేమవుతారు?" అన్నారు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. అంతసేపూ నిజాలే చెప్పి, అక్కడ మాత్రం "ఎవరో తెలీదండీ" అనేశాను. ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. "కనిపిస్తే చెప్పండి. పాత పానా నమస్కారాలు పంపాడని."

ఏడింటిలో మూడు లిఫ్టులు, ఒక ఏడాదికి ఇచ్చారు. మూడింటికీ లోపల నిలబడి మెయిన్ ఆపించాను. రెండు కదల్లేదు. కాగితం మీద అవి పోయిన నెలే పాసైనవి. ఫెయిల్ అని రాసి తాళాలు వేయించాను. ఆసుపత్రి మొత్తం నన్ను తిడుతోంది. స్ట్రెచర్లన్నీ పక్క భవనం లిఫ్టు మీదుగా చుట్టూ తిప్పుకెళ్తున్నారు. శస్త్రచికిత్సల పెద్ద డాక్టరుగారు ఐదో అంతస్తు మెట్లెక్కి, ఆయాసం తీరకుండానే నెట్‌లో నా పేరు పెట్టి ఇలా రాశారు: "ఈ ఇన్‌స్పెక్టరుతో జాగ్రత్త. ఆమె దేన్నీ పాస్ చెయ్యదు. బతిమాలినా వినదు, పై వాళ్ళతో చెప్పించినా వినదు. అసలు ఇలాంటివాళ్ళకి పని ఎవరిస్తారు?"

నిన్నటి నుంచి నా పేరు కొడితే అదే మొదట వస్తోంది. పొద్దుటి నుంచి నాలుగు ఫోన్లు. రెండు స్కూళ్ళు, ఒక వృద్ధాశ్రమం, ఇంకొక ఆసుపత్రి. నాలుగు చోట్లా ఒకటే ప్రశ్న. "ఆ దేన్నీ పాస్ చెయ్యనావిడ మీరేనా?"

నీ మనవరాలు


మే 11

దేన్నీ పాస్ చెయ్యని మనవరాలికి,

నన్నెవరో తెలీదన్నావట. మంచి పని చేశావు. తెలుసంటే ఆ పదకొండు పేజీలకీ నువ్వే పూచీ పడాల్సి వచ్చేది. పానాగారికి నా నమస్కారాలు నేనే పంపుకుంటాను, ఇప్పుడు అతనికీ నాకూ పొట్టి ఉత్తరాలు నడుస్తున్నాయి. గడియారాల గురించి. నువ్వు నవ్వక్కర్లేదు.

లిఫ్టులో నీతో ఉన్నావిడని వెతికి కలుసుకో. ఫోన్ కాదు, ఇంటికి వెళ్ళు. మెట్లుంటే మెట్లెక్కు. తిడితే తిట్టించుకుని రా.

డాక్టరుగారు రాసింది నర్సు చదివి వినిపించింది. మళ్ళీ చదవమన్నాను. మూడోసారి నేనే ఫోను లాక్కుని చదువుకున్నాను. నాలుగు వాక్యాలు, ఒక్కటీ అబద్ధం లేదు. ఆరో ఏట నుంచి నీ గురించి నేను చెప్పుకుంటున్న గొప్పలన్నీ కలిపినా అంత బాగా కుదరలేదు.

ఆ మనిషి నిన్ను అంతలేసి మాటలన్నాడు, కింద రాయడానికి చోటుంది, నా పేరుకి అక్కడ నలుగురిలో గుర్తింపూ ఉంది. అయినా ఒక్క అక్షరం రాయలేదు. ఇంట్లోవాళ్ళని ఎవరైనా ఒక మాటంటే బదులు చెప్పకుండా ఊరుకోవడం నా జన్మలో ఇదే మొదలు.

చాలా కష్టంగా ఉంది. త్వరగా ఉత్తరం రాయి.

అమ్మమ్మ